ఐదు కొనాల్సిన చోట మూడు: ఒక షుగర్ పేషెంటు మందుల ఖర్చు తగ్గించిన కేసు

నా దగ్గరికి వచ్చే ఒక షుగర్ పేషెంటుకు ఇన్సులిన్ డోసు పెంచాను. షుగర్ తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. 2025 జనవరిలో ఆమె హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.6 ఉంటే పొద్దున 24, రాత్రి 18 యూనిట్లు వేసుకోమని రాసి పంపాను. ఏప్రిల్‌లో రిపోర్టు 9.8 వచ్చింది. మామూలుగా అయితే ఇంకో నాలుగు యూనిట్లు పెంచి, అన్నం తగ్గించమని చెప్పి పంపేసేదాన్నే. ఆ రోజు బయట పేషెంట్లు తక్కువ. ఆమె ఒళ్లో మెడికల్ షాపు కవరు ఉంది, అందులోంచి బిల్లు బయటికి కనిపిస్తోంది. అడిగి తీసుకుని చూశాను. ఇన్సులిన్ కార్ట్రిడ్జులు 3 అని ఉంది.

రోజుకు 42 యూనిట్లంటే నెలకు 1,260. ఒక కార్ట్రిడ్జిలో (ఇన్సులిన్ పెన్నులో పెట్టుకునే చిన్న గొట్టం) 3 మిల్లీలీటర్లు, అంటే 300 యూనిట్లు ఉంటాయి. పెన్నుతో వేసుకునే ప్రతిసారీ ముందు రెండు యూనిట్లు గాల్లోకి వదిలి సూది చివర చుక్క వచ్చిందో లేదో చూసుకోవాలి కాబట్టి రోజుకు ఇంకో నాలుగు పోతాయి. మొత్తం కలిపితే నెలకు 1,380 యూనిట్లు, దాదాపు ఐదు కార్ట్రిడ్జులు. ఆమె పర్సులో దాచుకున్న పాత బిల్లులు కూడా తీయించాను. ఫిబ్రవరిలో మూడు, మార్చిలో మూడు.

“అమ్మా, నిజంగ ఎన్ని యూనిట్లు వేసుకుంటున్నరు?” అని అడిగాను.

కాసేపు కొంగు చివర మెలిపెట్టుకుంటూ కూర్చున్నారు. “పొద్దుగాల పదహారు, రాత్రి పద్నాలుగు మేడం. పించిన్ లేటైతె ఇంక తక్వ ఏస్కుంట. మీకు జెప్తె కోప్పడ్తరని జెప్పలే.”

పదహారేళ్లుగా హన్మకొండలో జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. తిండి గురించి, నడక గురించి, స్వీట్ల గురించి ఎన్ని వేలసార్లు అడిగి ఉంటానో. ఈ మందులు మీరు కొనగలుగుతున్నారా అని మాత్రం కేసు షీటు మీద రాసుకుని ఎవర్నీ అడిగింది లేదు. డబ్బు లేక మందు తగ్గించుకున్న మనిషికి మందు పనిచేయడం లేదని నేను ఇంకా ఎక్కువ మందు రాశాను. ఈ కేసు రాయడానికి కారణం అదే. ఆమె అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. ఇందులోని ధరలు ఆ నెలల్లో ఆమె నిజంగా కట్టినవి. ఊరినిబట్టి, కంపెనీనిబట్టి కొంచెం అటూఇటూ ఉంటాయి.

ఆమె పరిస్థితి

57 ఏళ్లు. ఇంట్లోనే మిషన్ కుడతారు. భర్త చనిపోయి ఆరేళ్లయింది, కొడుకు హైదరాబాద్‌లో చిన్న ప్రైవేటు ఉద్యోగం. బ్లౌజులు, ఫాల్స్ మీద సీజన్ బాగుంటే నెలకు తొమ్మిది, పది వేలు వస్తాయి. పైన వితంతు పెన్షన్ 2,016 రూపాయలు. ఆరోగ్యశ్రీ ఉంది గానీ అది ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు. నెలనెలా మెడికల్ షాపులో కొనే మాత్రలు, సూదులు సొంత డబ్బుతోనే.

షుగర్ వచ్చి 14 ఏళ్లు, ఇన్సులిన్ మొదలుపెట్టి మూడేళ్లు. బరువు 68 కిలోలు. ఆ రోజు బీపీ 146/88. క్రియాటినిన్ 0.9, అంటే కిడ్నీలు ఇంకా బాగానే వడపోస్తున్నాయి. కానీ మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోంది, కిడ్నీల విషయంలో అది మొదటి హెచ్చరిక. అరికాళ్ల మంటలు, కడుపుబ్బరం, వారంలో రెండు మూడు రోజులు విరేచనాలు.

మర్నాడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక్కటి కూడా వదలకుండా సంచిలో వేసుకుని రమ్మన్నాను. చీటీ తెస్తే చాలదు, చీటీలో ఉండేది డాక్టరు రాసింది మాత్రమే. మనిషి మింగుతున్నదేమిటో సంచి చెబుతుంది.

సంచిలో ఏముంది

టేబుల్ మీద బోర్లించి ఒక్కో స్ట్రిప్ వెనక్కి తిప్పాను. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. అసలు మందు పేరు దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను చదువుతుంటే ఆమె తన కుట్టు కొలతల పుస్తకంలో రాసుకున్నారు.

మొదటి మూడూ షుగర్ మాత్రలే. మొదటిది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ 500, వోగ్లిబోస్ మూడూ కలిసిన మాత్ర, రోజుకు రెండు. నెలకు 780 రూపాయలు. రెండోది సిటాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ 1,000 కలిసినది, పొద్దున ఒకటి, 600 రూపాయలు. మూడోది టెనెలిగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ 500 కలిసినది, రాత్రి ఒకటి, 360 రూపాయలు.

ఈ మూడో మాత్ర నేను రాసిందే. రెండోది కొడుకు దగ్గర నెల రోజులు ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఒక డాక్టరు రాసింది. ఆయన నా చీటీ చూడలేదు, నేను ఆయన చీటీ చూడలేదు. ఆమె ఇద్దరి మాటా విన్నారు. సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ రెండూ గ్లిప్టిన్లు అనే ఒకే కుటుంబం, రెండూ అడ్డుకునేది ఒకే ఎంజైమును. ఒకటి వేసుకుంటే రెండోదానితో అదనంగా ఒరిగేది దాదాపు ఏమీ లేదు, 360 రూపాయలు పోవడం తప్ప. ఇక మెట్‌ఫార్మిన్ మూడు స్ట్రిప్పుల్లోనూ ఉంది. కూడితే రోజుకు 2,500 మిల్లీగ్రాములు. మేం మామూలుగా రెండు వేల దగ్గర ఆపేస్తాం. ఉబ్బరం, విరేచనాలు ఎక్కణ్నుంచి వచ్చాయో అర్థమైపోయింది. ఆ ఉబ్బరానికి పాంటప్రజోల్, డాంపెరిడోన్ కలిసిన గొట్టం మాత్ర నెలకు 330. ఒక మందు ఎక్కువై వచ్చిన బాధకు ఇంకో మందు కొంటున్నారు.

ఆ తర్వాత నరాల బలానికని ఒక క్యాప్సూల్. మిథైల్‌కోబాలమిన్‌తో (ఇది బీ12 విటమినే) పాటు ఇంకో ఎనిమిది పదార్థాల పేర్లు ఉన్నాయి దాని మీద, 540 రూపాయలు. బీపీకి టెల్మిసార్టన్ 240, కొలెస్ట్రాల్‌కు రొసువాస్టాటిన్ 450. షుగర్ చూసుకునే స్ట్రిప్పులు నెలకు 25, వాటికి 500. పెన్ను సూదులు 100. షుగర్ పేషెంట్లకని డబ్బాలో అమ్మే పాల పొడి లాంటిది 650. ఇన్సులిన్ మూడు కార్ట్రిడ్జులకు 2,400.

మొత్తం 6,950. నేను రాసిన డోసు ప్రకారం ఐదు కార్ట్రిడ్జులు కొంటే 8,550 అయ్యేది. సంపాదన తొమ్మిది, పది వేలు ఉన్న ఇల్లు అది. ఇందులో దేన్ని తగ్గించాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబట్టి అన్నిటికంటే ఖరీదైనదాన్ని తగ్గించుకున్నారు. ఆమెకు అన్నిటికంటే అవసరమైనదీ అదే.

ముందు తీసేసినవి

చౌకగా దొరికే చోటు వెతకడం తర్వాతి పని. అక్కర్లేనిది తీసేయడం ముందు. ధర ఎంత తగ్గినా రెండో గ్లిప్టిన్ దండగే.

టెనెలిగ్లిప్టిన్ మాత్ర ఆపేశాను. ఇన్సులిన్ రెండు పూటలా వేసుకుంటున్నప్పుడు గ్లిమెపిరైడ్ కూడా ఉంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఎక్కువ, కాబట్టి మూడు కలిసిన మాత్ర కూడా ఆపాను. సిటాగ్లిప్టిన్ 50, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర ఒక్కటే పొద్దున, రాత్రి ఉంచాను. పది రోజుల్లో విరేచనాలు కట్టాయి. గ్యాస్ మాత్ర అవసరమే లేకుండా పోయింది.

నరాల క్యాప్సూల్ విషయంలో తొందరపడలేదు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లు వాడినవాళ్లలో బీ12 తగ్గడం నిజంగా జరుగుతుంది. పరీక్ష చేయిస్తే తక్కువే ఉంది. అందుకని బీ12 ఒక్కటే ఉన్న సాదా మాత్ర రాశాను, నెలకు 60 రూపాయలు. మిగతా ఎనిమిది పదార్థాల లోటు ఆమెకు ఉన్నట్టు నాకేమీ కనిపించలేదు.

పాల పొడి డబ్బా మానేయమంటే ముందు ఒప్పుకోలేదు. “బలానికి మేడం, కొడుకు కొనిస్తడు” అన్నారు. ఆ 650 రూపాయలకు నెలంతా ఉడికించిన శనగలు, పెసలు, వారానికి నాలుగు గుడ్లు వస్తాయని లెక్క వేసి చూపించాను. కుట్టుకూలి లెక్కలు చేసే మనిషి కదా, వెంటనే పట్టుకున్నారు.

ఇన్సులిన్ మార్పు

ఆమె వాడుతున్నది అనలాగ్ మిశ్రమం, అంటే సహజ ఇన్సులిన్‌ను కొద్దిగా మార్చి చేసినది, పెన్ను కార్ట్రిడ్జిలో వచ్చేది. దాని బదులు హ్యూమన్ ఇన్సులిన్ (మన ఒంట్లో తయారయ్యేలాంటిదే) 30/70 మిశ్రమం, అంటే త్వరగా పనిచేసేది 30, నిదానంగా పనిచేసేది 70 పాళ్లలో కలిపినది, సీసాలో వచ్చేది వాడదామని చెప్పాను. 10 మిల్లీలీటర్ల సీసాలో మిల్లీలీటరుకు 40 చొప్పున 400 యూనిట్లు ఉంటాయి. ఆమె కొన్న ధర 160 రూపాయలు. ఇది అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది కాబట్టి గరిష్ఠ ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. కార్ట్రిడ్జిలో ఒక్కో యూనిట్ రెండున్నర రూపాయలకు పైన పడుతుంటే సీసాలో 40 పైసలు పడింది.

దీన్ని అందరికీ చేయమని చెప్పను. రాత్రిళ్లు షుగర్ పడిపోయేవాళ్లు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, తిండి వేళలు కుదరనివాళ్లు, చూపు సరిగా లేనివాళ్లు పెన్నుతోనూ అనలాగ్‌తోనూ ఉండటమే మంచిది. ఈమె చూపు బాగుంది. సూదిలో దారం ఎక్కించే మనిషికి సిరంజి మీది గీతలు ఒక లెక్క కాదు. తిండి వేళలూ స్థిరంగానే ఉన్నాయి. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాను: అనలాగ్ అయితే కంచం ముందు కూర్చుని వేసుకోవచ్చు, ఇది తినడానికి అరగంట ముందు వేసుకోవాలి.

డోసు ఎంతతో మొదలుపెట్టాలి? కాగితం మీద ఉన్న 42తో మొదలుపెడితే ప్రమాదం. నిజంగా వేసుకుంటున్నది 30. పైగా పొట్ట మీద చెయ్యి పెట్టి చూస్తే బొడ్డుకు రెండు వైపులా రబ్బరు ముద్దల్లాంటి గడ్డలు తగిలాయి. మూడేళ్లుగా అదే చోట, ఒక్కో సూదిని వారం వాడి, అక్కడే పొడుచుకున్నారు. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి అక్కడే వేసుకోబుద్ధవుతుంది. కానీ ఆ గడ్డలోకి పోయిన ఇన్సులిన్ సరిగా రక్తంలోకి ఎక్కదు. కొన్న మూడు కార్ట్రిడ్జుల్లోనూ కొంత భాగం అలా వృథా అయ్యింది. తాజా చోటికి మారితే అదే డోసు ఎక్కువ పనిచేస్తుంది. అందుకని పొద్దున 16, రాత్రి 12తో మొదలుపెట్టాను. పొట్టను నాలుగు భాగాలు చేసి, వారానికొక భాగం, వేలెడు దూరం జరుపుతూ వేసుకోవడం నేర్పింది మా నర్సు. తొడలు కూడా వాడమన్నాం.

ఫ్రిజ్ సంగతి అప్పుడే బయటపడింది. ఆమెకు ఫ్రిజ్ లేదు. పెన్ను పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెడుతున్నారు. వాళ్లు తొందరగా పడుకున్న రోజు తలుపు తట్టలేక రాత్రి డోసు మానేసేవారట. ఇది వినగానే నాకు చాలా బాధేసింది. తెరిచిన సీసాను నాలుగు వారాలు బయటే ఉంచుకోవచ్చు, మరీ వేడి తగలకుండా చూసుకుంటే చాలు. ఆమెకు ఒక సీసా పన్నెండు, పదమూడు రోజులకే అయిపోతుంది. ఎండాకాలం కాబట్టి పెద్ద కుండలో ఇసుక పోసి తడిపి, మధ్యలో చిన్న కుండ పెట్టి, సీసాను చిన్న స్టీలు డబ్బాలో వేసి అందులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పమన్నాం. తెరవని సీసాలు మాత్రం పక్కింటి ఫ్రిజ్‌లోనే, గడ్డకట్టే అరకు దూరంగా. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదు.

నారింజ రంగు మూత

వారం తిరక్కుండానే ఫోను వచ్చింది. పొద్దున 340 ఉందట. జెనరిక్ (పెద్ద బ్రాండు పేరు లేకుండా చౌకగా అమ్మే మందు) అని చెప్పి నీళ్లిచ్చారని పక్కింటావిడ అంటోందట. వెంటనే సీసా, సిరంజి రెండూ పట్టుకుని రమ్మన్నాను.

సీసా బాగానే ఉంది. అరచేతుల మధ్య దొర్లిస్తే పాలలా సమానంగా కలిసింది, పలుకులు లేవు. సిరంజి సూది మూత మాత్రం నారింజ రంగులో ఉంది. దాని మీద యూ-100 అని అచ్చు. నేను చీటీలో యూ-40 అనే రాశాను, షాపులో ఉన్నది ఇచ్చారు, ఆమెకు తేడా తెలియదు.

మనకు దొరికే సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత ఉండే యూ-40 సిరంజి కావాలి. యూ-100 సిరంజిలో 16 గీత దాకా లాగితే వచ్చేది 0.16 మిల్లీలీటరు. ఈ సీసాలోంచి అంత తీస్తే 6.4 యూనిట్లే. ఆమె 16 అనుకుని ఆరు వేసుకుంటున్నారు. ఇది తిరగబడి ఉంటే, అంటే 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో తీసి ఉంటే, 16 అనుకున్నది 40 అయ్యేది. అది ప్రాణం మీదికి వచ్చే తప్పు. డబ్బు ఆదా చేయడానికి పెన్ను నుంచి సీసాకు మార్చే ప్రతి డాక్టరూ ఈ ఒక్క విషయం చేతిలో సిరంజి పెట్టి చూపించాలి. నేను నోటితో చెప్పాను, రాసిచ్చాను, చూపించలేదు. ఇప్పుడు నా టేబుల్ సొరుగులో రెండు రకాల సిరంజిలూ ఉన్నాయి. ఎర్రది ఆమె సీసాకే రబ్బరు బ్యాండుతో కట్టి పంపాను, అది చూపించే కొనమని.

సిరంజి ఒక్కసారికే అని కంపెనీలు రాస్తాయి, అది సరైనదే. ఆమెతో మాట్లాడి కుదుర్చుకున్నది రోజుకొకటి: పొద్దున వాడింది రాత్రికి, మర్నాటికి కొత్తది. ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు. నెలకు 30 సిరంజిలు, 225 రూపాయలు. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి నింపి మా దగ్గరికే తెస్తున్నారు.

ఇంకో అనుభవం మే నెలలో. శనివారం ఒక్కపొద్దు ఉంటారు, పొద్దున టీ తప్ప ఏమీ తీసుకోరు. ఇన్సులిన్ మాత్రం మామూలుగా వేసుకున్నారు. పదకొండు గంటలకు మిషన్ మీద చేతులు వణికాయి, చెమటలు. చూసుకుంటే 58. నర్సు చెప్పినట్టే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకున్నారు, 92. ఆ తర్వాత అన్నం తిన్నారు. ఒక్కపొద్దు మానేయమని నేను చెప్పలేదు, చెప్పినా వినరు. శనివారం పొద్దున ఎంత వేసుకోవాలో వేరే రాసిచ్చాను, పొద్దున కొంచెం పండు, మజ్జిగ తీసుకోవడానికి ఒప్పించాను.

ఎక్కడ కొనాలి

మిగిలిన మాత్రలకు జన ఔషధి కేంద్రం, అంటే కేంద్ర ప్రభుత్వ పథకం కింద జెనరిక్ మందులు చౌకగా అమ్మే షాపు, చూపించాను. 2022 సెప్టెంబరు నుంచి ఆ కేంద్రాల్లో సిటాగ్లిప్టిన్ దొరుకుతోంది. ఆ ఏడాది జులైలో దాని పేటెంటు, అంటే ఒక్క కంపెనీకే ఉన్న తయారీ హక్కు, అయిపోయింది. మెట్‌ఫార్మిన్ 500తో కలిసిన మాత్రలు పదికి 65 రూపాయలు. నెలకు అరవై మాత్రలంటే 390. టెల్మిసార్టన్, రొసువాస్టాటిన్ రెండూ కలిపి 150 లోపే అయ్యాయి. ఇదివరకు ఆ రెండింటికే 690 కట్టేవారు. జనౌషధి సుగమ్ అని ఒక యాప్ ఉంది, దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో, మందు ధర ఎంతో అందులో కనిపిస్తుంది. ఆమె కొడుకు హైదరాబాద్ నుంచే చూసి చెబుతున్నాడు.

బయటి షాపుల్లో జెనరిక్ అని అమ్మే వాటి గురించి ఒక మాట. చాలావాటి మీద ఎమ్మార్పీ బ్రాండు మందుకు దగ్గరగానే అచ్చువేసి ఉంటుంది. షాపువాడికి పడే ధర అందులో చిన్న భాగం. అడిగినవాళ్లకు సగానికి సగం తగ్గిస్తారు, అడగనివాళ్ల దగ్గర మొత్తం తీసుకుంటారు. కాబట్టి జెనరిక్ అన్న మాట విని ఆగిపోకుండా, పది మాత్రలు చేతికి ఎంతకు వస్తాయో అడగాలి.

ఇవి పనిచేస్తాయా అన్న అనుమానం ఆమెకే కాదు, నాకూ కొంత ఉండేది. జన ఔషధికి వచ్చే ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు ఉన్న ల్యాబుల్లో పరీక్షించాకే పంపుతారు. అయినా మాటలతో తేల్చుకోవాల్సిన పని లేదు. షుగర్, బీపీ కొలిచి చూడగల జబ్బులు. మందు మార్చిన రెండు వారాలు పరగడుపు షుగర్, బీపీ రాసుకుని రమ్మన్నాను. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ. పనిచేయకపోతే ఆ అంకెల్లోనే తెలుస్తుంది. సిరంజి సంగతి సర్దుకున్నాక అంకెలు దిగడం మొదలుపెట్టాయి.

పరీక్షల ఖర్చు కూడా తగ్గించాం. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ ఉచిత పరీక్షల పథకం 2018 నుంచి నడుస్తోంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే రిపోర్టు ఫోనుకు వస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రి ఎన్‌సీడీ క్లినిక్‌లో (షుగర్, బీపీ లాంటి అంటని జబ్బులకు) ఇన్సులిన్ సీసాలు కూడా ఉచితంగా ఇస్తారు. ఆమె మూడుసార్లు వెళ్తే ఒకసారి దొరికింది, రెండుసార్లు స్టాకు లేదన్నారు. వెళ్లిన రోజు కుట్టు పని పోతుంది. అందుకని దొరికినప్పుడు తీసుకోండి, దొరుకుతుందని నమ్మి ఇంట్లో సీసా అయిపోయేదాకా మాత్రం ఆగకండి అని చెప్పాను. కనీసం ఒక సీసా ఎప్పుడూ ముందు ఉండాలి.

స్ట్రిప్పులు

ఆమె దాదాపు రోజూ పొద్దున లేవగానే షుగర్ చూసుకునేవారు. 210, 198, 225. పుస్తకం నిండా పరగడుపు అంకెలే. ఎక్కువుంటే టెన్షన్, ఆ రోజు అన్నం తగ్గించడం, అంతే. ఆ అంకెను బట్టి డోసు మార్చేవాళ్లు ఎవరూ లేరు. నెలకు 500 రూపాయలు ఆ టెన్షన్‌కే పెట్టినట్టయింది.

డోసు సర్దే ఆరు వారాలు రోజు విడిచి రోజు, పరగడుపున ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి చూడమన్నాను. పరగడుపు అంకె రాత్రి డోసు గురించి చెబుతుంది, రాత్రి భోజనం ముందు అంకె పొద్దున డోసు గురించి చెబుతుంది. వారానికోసారి ఆ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవారు, నేను రెండు యూనిట్లు అటో ఇటో మార్చేదాన్ని. పొద్దున 20, రాత్రి 14 దగ్గర కుదిరింది. అక్కడి నుంచి వారానికి నాలుగు చాలు, వణుకు, చెమట వస్తే ఎప్పుడైనా సరే చూసుకోవాల్సిందే. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు ఇంతకంటే తగ్గించను.

గ్లూకోమీటరు కూడా మార్చాం. పాతది ఉచితంగా వచ్చింది గానీ దాని స్ట్రిప్పు 20 రూపాయలు. మీటరు కొనేటప్పుడు అడగాల్సింది స్ట్రిప్పు ధర, మీటరు ధర కాదు. కొత్తదాని స్ట్రిప్పు 13. క్లినిక్‌లో ఒకే చుక్కను రెండింటిమీదా పెట్టి, ల్యాబు రిపోర్టుతో పోల్చి చూశాకే మార్చాను. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్లూకోమీటరు, స్ట్రిప్పుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి పాత ధరే తీసుకుంటుంటే షాపులో అడగాలి. స్ట్రిప్పుల డబ్బా తెరిచాక మూత బిగించి ఉంచాలి, తేమ తగిలితే తప్పు చూపిస్తాయి. పెద్ద డబ్బా చౌక అని కొని తెరిచాక గడువు దాటిపోతే అది నష్టమే. ఆమెకు 25 స్ట్రిప్పుల డబ్బా చాలు.

ఖర్చు పెంచిన చోటు

బీపీ మాత్ర తగ్గించలేదు, టెల్మిసార్టన్ 40 నుంచి 80కి పెంచాను. మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నప్పుడు అది కిడ్నీకి కాపలా.

ఇంకోటి కొత్తగా చేర్చాను. 2024లో హైదరాబాద్ డాక్టరు ఆమెకు ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర కూడా రాశారు. అప్పుడు ఒక్కో మాత్ర దాదాపు 60 రూపాయలు, నెలకు 1,800. రెండు నెలలు కొని ఆపేశారు. ఆపినట్టు ఎవరికీ చెప్పలేదు. 2025 మార్చి 11న మన దేశంలో దాని పేటెంటు ముగిసింది. వారాల్లోనే చాలా కంపెనీల మాత్రలు పది రూపాయల అటూఇటూ వచ్చేశాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మందు, ఆమెకు సరిగ్గా కావాల్సింది. జులైలో నెలకు 300 రూపాయలతో మళ్లీ మొదలుపెట్టాను. మూత్ర మార్గం దగ్గర దురద వస్తే చెప్పమని, వాంతులు, విరేచనాలు, జ్వరంతో తిండి తినలేని రోజుల్లో అది ఆపి ఫోను చేయమని, అప్పుడు కూడా ఇన్సులిన్ మొత్తంగా మానవద్దని చెప్పాను. ఖరీదని ఒకప్పుడు వదిలేసిన మందుల ధరలు ఏడాదికోసారైనా మళ్లీ చూడాలి. విల్డాగ్లిప్టిన్ 2019 చివర్లో, లినాగ్లిప్టిన్ 2023లో ఇలాగే పేటెంటు పోయి దిగొచ్చాయి. పాత బ్రాండే పాత ధరకు కొంటున్నవాళ్లు నా దగ్గరికి ఇంకా వస్తూనే ఉన్నారు.

ఆరు నెలల తర్వాత

అక్టోబరు లెక్క ఇది. ఇన్సులిన్ మూడు సీసాలు 480, సిరంజిలు 225, సిటాగ్లిప్టిన్ మెట్‌ఫార్మిన్ 390, ఎంపాగ్లిఫ్లోజిన్ 300, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు 150, బీ12 మాత్ర 60, స్ట్రిప్పులు 210. మొత్తం 1,815 రూపాయలు. ఏప్రిల్‌లో 6,950 ఖర్చుపెట్టి చాలని ఇన్సులిన్ వేసుకున్నారు. ఇప్పుడు రాసిన డోసు మొత్తం వేసుకుంటున్నారు.

హెచ్‌బీఏ1సీ జులైలో 8.2, అక్టోబరులో 7.5. బీపీ 128/78. బరువు రెండు కిలోలు తగ్గింది. అరికాళ్ల మంట పూర్తిగా పోలేదు, నిద్ర చెడగొట్టేంత లేదు. పొట్ట మీద ఎడమవైపు గడ్డ మెత్తబడింది, కుడివైపుది ఇంకా తగులుతోంది. కంటి రెటీనా పరీక్ష రెండేళ్లుగా చేయించలేదు. మిగిలిన డబ్బులోంచి మొదట అదే చేయించమన్నాను, నవంబరులో వెళ్తానన్నారు.

నా కేసు షీటులో ఇప్పుడు డోసు పక్కన ఒక గడి గీసుకున్నాను: పోయిన నెల ఎన్ని కొన్నారు? ఇన్సులిన్ వాడే ప్రతి పేషెంటునూ అడుగుతున్నాను. మొదటి రెండు నెలల్లోనే ఇంకో నలుగురు తక్కువ కొంటున్నట్టు బయటపడింది. అందులో ఒకరు రిటైర్డ్ టీచరు, డబ్బుకు ఇబ్బంది ఉంటుందని నేను ఊహించి కూడా ఉండను.

అక్టోబరులో ఈమె కుర్చీలో కూర్చుంటూనే, నేను అడక్కముందే, సంచిలోంచి ఖాళీ సీసాలు తీసి టేబుల్ మీద వరసగా పెట్టారు.

“మూడు మేడం. మూడూ ఒడిసినయి.”